ట్రావెల్ ట్రైలర్‌కి ఏ జనరేటర్ కొనాలి? వాట్స్ కూడే ముందు ఏసీ సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డాలస్ దగ్గర ఉంటున్నారు. 24 అడుగుల సెకండ్ హ్యాండ్ ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. దానికి 30 ఆంప్ కనెక్షన్, పైకప్పు మీద 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ ఒకటి ఉన్నాయి. జూలైలో ఇద్దరు పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్ళాలి. నాన్నగారికి రాత్రిళ్ళు నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడేలా చూసే సీప్యాప్ మిషన్ ఉండాలి. ఇంట్లో వాడే వస్తువుల వాట్స్ అన్నీ ఒక కాగితం మీద కూడితే 7,000 దాటింది. అందుకని స్టోర్‌లో చవగ్గా దొరుకుతున్న 8,000 వాట్ల ఓపెన్ ఫ్రేమ్ (చుట్టూ మూత లేకుండా ఇంజన్ బయటికి కనిపించే) జనరేటర్ తీసుకుందామా అని అడుగుతున్నారు.

వద్దండి. డబ్బులు దండగ అవడమే కాదు, దాన్ని పార్కులో నడపనివ్వరు కూడా.

ముందు ఆ కాగితం లెక్క పక్కన పెట్టండి. మీ ట్రైలర్‌ది 30 ఆంప్ తీగ. 30 ఆంప్స్‌ని 120 వోల్ట్స్‌తో గుణిస్తే 3,600 వాట్స్. మీ ట్రైలర్ తీసుకోగలిగింది అంతే. అవతల ఎంత పెద్ద మిషన్ పెట్టినా, అంతకు మించి లాగితే మెయిన్ బ్రేకర్ పడిపోతుంది. 50 ఆంప్ కనెక్షన్, రెండు ఏసీలు ఉన్న పెద్ద ఫిఫ్త్ వీల్ (పికప్ బెడ్‌కి తగిలించి లాగే పెద్ద ట్రైలర్) వాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి 50 ఆంప్స్ లైన్లు రెండు వస్తాయి. మీకు 8,000 వాట్ల జనరేటర్‌లో సగానికి పైగా ఎప్పటికీ అక్కరకు రాదు.

వాట్స్ కూడటంలో ఇంకో పొరపాటు కూడా ఉంటుంది. అన్నీ ఒకేసారి నడుస్తాయని ఎవరూ అనుకోరు, కానీ కూడేటప్పుడు మాత్రం అలాగే కూడతారు. నిజానికి చూడాల్సింది రెండే: తప్పనిసరిగా నడవాల్సిన వాటిలో అన్నిటికంటే బరువైనది ఏది? అది నడుస్తుండగా, ఆపకుండా పక్కన నడిచేవి ఏవి? మిగతావన్నీ ఒకదాని తర్వాత ఒకటి వాడుకోవచ్చు. హుకప్ (క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్‌కి ఇచ్చే కరెంటు కనెక్షన్) లేని చోట క్యాంపింగ్ అంటేనే అది. మైక్రోవేవ్ పెట్టేటప్పుడు ఏసీ ఆపడం రెండో రోజుకే అలవాటైపోతుంది.

మీకు తెలియకుండా కరెంటు తాగేవి కొన్ని ఉంటాయి. వాటిలో మొదటిది వాటర్ హీటర్. చాలా ట్రైలర్లలో అది ప్రొపేన్ (సిలిండర్ గ్యాస్) మీదా నడుస్తుంది, కరెంటు మీదా నడుస్తుంది. కరెంటు స్విచ్ ఆన్‌లో మర్చిపోతే చప్పుడు లేకుండా 1,400 వాట్స్ పైగా లాగుతుంది. "జనరేటర్ చిన్నదైపోయింది, ఓవర్‌లోడ్ లైట్ వస్తోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ స్విచ్చే. ఆ స్విచ్ కొన్ని మోడల్స్‌లో లోపల ప్యానెల్ మీద ఉంటుంది, కొన్నిటిలో బయట హీటర్ తలుపు వెనక ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కాబట్టి వెతికి పట్టుకోండి. రెండోది ఫ్రిజ్. మీది గ్యాస్ మీద కూడా నడిచే రకం అయితే, ఆటోలో పెడితే జనరేటర్ కనెక్ట్ కాగానే కరెంటుకి మారి 300 నుంచి 400 వాట్స్ తీసుకుంటుంది. చేత్తో ప్రొపేన్‌కి మార్చి అక్కడే ఉంచండి. మూడోది బ్యాటరీ చార్జ్ చేసే కన్వర్టర్. బ్యాటరీ బాగా దిగిపోయి ఉంటే మొదట్లో అది కూడా కొన్ని వందల వాట్స్ లాగుతుంది. ఈ మూడింటి సంగతి చూసుకుంటే మీ లెక్కలో చాలా భాగం తగ్గిపోతుంది.

ఇక వంట. ఇన్‌స్టంట్ పాట్ సుమారు 1,000 వాట్స్, కరెంటు కెటిల్ 1,500, ఇండక్షన్ స్టవ్ ఫుల్లో 1,800. మైక్రోవేవ్ మీద 1,000 వాట్స్ అని రాసి ఉంటే అది వంటకి అందే శక్తి. గోడ నుంచి తీసుకునేది 1,500 దాకా ఉంటుంది. ఇండియా నుంచి తెచ్చిన 220 వోల్ట్స్ మిక్సీని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. దాన్ని చిన్న జనరేటర్ మీద పెట్టకండి, మొదటి సెకనులో అది లాగే కరెంటుకి జనరేటర్ గిలగిలా కొట్టుకుంటుంది. చట్నీలకి ఇక్కడి 110 వోల్ట్స్ మిక్సీ చాలు. లేదంటే పొడులు, పచ్చళ్ళతో నాలుగు రోజులు గడిచిపోవూ?

యెల్లోస్టోన్‌లో మీరు ఉండే ఎత్తు సుమారు 7,000 అడుగులు, చాలాచోట్ల అంతకు పైనే. యెల్లోస్టోన్ లేక్ దగ్గరైతే 7,700 దాటుతుంది. అక్కడ నీళ్ళు సుమారు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. రైస్ కుక్కర్లో అన్నం పలుకుగా ఉండిపోతుంది, మూత లేని గిన్నెలో కందిపప్పు ఒక పట్టాన మెదగదు. కాబట్టి ఇంట్లో వాడే మామూలు ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళి ట్రైలర్‌లోని ప్రొపేన్ స్టవ్ మీద పెట్టుకోండి. విజిల్‌కి పక్కవాళ్ళు ఒకసారి తొంగి చూస్తారు, అంతే. వంట మొత్తం గ్యాస్ మీదకి వెళ్ళిపోతే జనరేటర్ లెక్కలోంచి వంటగది పోయినట్టే. పోపు పెట్టేటప్పుడు మాత్రం పైన ఫ్యాన్ వేసి కిటికీ తెరవండి, చిన్న జాగా కదా, ఎండుమిర్చి పొగకి స్మోక్ అలారం వెంటనే అరుస్తుంది.

అసలు విషయం ఏసీ. మొత్తం నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంది. 13,500 బీటీయూ ఏసీ నడుస్తున్నప్పుడు ఎండని బట్టి 1,300 నుంచి 1,600 వాట్స్ తీసుకుంటుంది. కానీ కంప్రెసర్ మొదలయ్యే ఆ క్షణంలో దాదాపు రెట్టింపు, ఒక్కోసారి 3,000 దాకా అడుగుతుంది. అందుకే 2,000 వాట్ల జనరేటర్ మీద ఏసీ ఆన్ చేస్తే ఒక్క మూలుగు మూలిగి ఆగిపోతుంది. ఆ ఒక్క సెకను కోసం పెద్ద జనరేటర్ కొనాలా?

అక్కర్లేదు. సాఫ్ట్ స్టార్ట్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. మైక్రో ఎయిర్ ఈజీస్టార్ట్ బాగా పేరున్నది, వేరే కంపెనీలవీ ఉన్నాయి. సుమారు 300 డాలర్లు పెట్టుకోండి. ఏసీ కవర్ విప్పి కంప్రెసర్ వైర్లకి కలిపితే, మోటారుని ఒక్కసారిగా కాకుండా మెల్లగా వేగం అందుకునేలా చేస్తుంది. మొదట్లో లాగే కరెంటు సగానికి పైగా పడిపోతుంది. నాలుగు వైర్లు కలపడం వచ్చిన వాళ్ళు నిచ్చెన వేసుకుని ఒక మధ్యాహ్నంలో పెట్టుకోగలరు. కవర్ విప్పే ముందు కరెంటు పూర్తిగా తీసేయాలి, కెపాసిటర్‌లో ఇంకా చార్జ్ ఉంటుంది కాబట్టి దాన్ని కూడా డిశ్చార్జ్ చేయాలి. అది తెలియకపోతే ఇంటికొచ్చి ఆర్‌వీలు (ట్రైలర్లు, మోటార్‌హోమ్‌లు) బాగుచేసే మొబైల్ టెక్నీషియన్‌ని పిలవండి. నా దృష్టిలో మీ బడ్జెట్‌లో మొదటి 300 డాలర్లు జనరేటర్‌కి కాదు, దీనికి పోవాలి.

అసలు ఏసీని జనరేటర్ మీద నడిపే అవసరం మీకు ఎప్పుడు వస్తుంది? ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. నేషనల్ పార్కుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మామూలుగా నిశ్శబ్ద సమయం. జనరేటర్లకి చాలాచోట్ల అంతకంటే తక్కువ టైమే ఇస్తారు. యెల్లోస్టోన్‌లో మాడిసన్, గ్రాంట్ విలేజ్ లాంటి పెద్ద క్యాంప్‌గ్రౌండ్లలో ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. స్లూ క్రీక్ లాంటి చిన్నవాటిలో అసలు ఒప్పుకోరు. గ్రాండ్ కాన్యన్ మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో అయితే ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, అంతే. బుక్ చేసే ముందు ఆ క్యాంప్‌గ్రౌండ్ పేజీలో ఈ వేళలు చూసుకోండి. అంటే ఎంత పెద్ద జనరేటర్ కొన్నా పార్కులో రాత్రంతా ఏసీ వేసుకుని పడుకోవడం కుదరదు. పగలేమో మీరు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీళ్ళ బుగ్గ దగ్గర తిరుగుతుంటారు, ట్రైలర్ ఖాళీగా ఉంటుంది.

పైగా యెల్లోస్టోన్‌లో జూలై రాత్రి కూడా చలే. అక్కడ మీకు కావలసింది ఏసీ కాదు, హీటర్. ఎండ మండేది దారిలో: డాలస్ నుంచి అమరిల్లో మీదుగా కొలరాడో చేరేదాకా. ఆ రాత్రులకి హుకప్ ఉన్న ఆర్‌వీ పార్కులో దిగండి. రాత్రికి ఓ యాభై అరవై డాలర్లు పోయినా అమ్మానాన్నలు చల్లగా నిద్రపోతారు. వేడిగా ఉన్నచోట హుకప్ కొనుక్కోవడం, చల్లగా ఉన్నచోట హుకప్ లేకుండా డ్రై క్యాంపింగ్ చేయడం, నేను ఎవరికైనా చెప్పేది ఇదే. యెల్లోస్టోన్ లోపల కూడా ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో మాత్రం కరెంటు హుకప్ ఉంటుంది. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి టెంట్లని, గుడ్డ గోడల పాపప్‌లని అక్కడ రానివ్వరు. మీ ట్రైలర్‌కి ఆ ఇబ్బంది లేదు. కాకపోతే జూలైకి చాలా ముందే నిండిపోతుంది.

ఓపెన్ ఫ్రేమ్ ఎందుకు వద్దో కూడా చెప్పాలి. అది కరెంటు 60 హెర్ట్జ్‌లో ఇవ్వాలంటే ఇంజన్ ఎప్పుడూ ఒకే వేగంతో, సాధారణంగా నిమిషానికి 3,600 తిరుగుళ్ళతో నడవాలి. మీరు ఒక్క ఫోన్ చార్జ్ చేసినా దాదాపు అదే రొద, పెట్రోలు కూడా బాగానే తాగుతుంది. ఇన్వర్టర్ జనరేటర్‌లో లోడ్‌ని బట్టి ఇంజన్ వేగం తగ్గుతుంది, పెరుగుతుంది. కరెంటుని ఎలక్ట్రానిక్స్ సరిచేసి ఇస్తాయి కాబట్టి సీప్యాప్‌కి, లాప్‌టాప్‌కి, ఏసీ కంట్రోల్ బోర్డుకి కూడా అది మంచిది.

చప్పుడు లెక్క ఒకటి వేసి చూడండి. నేషనల్ పార్కుల నియమం 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదని. కంపెనీలు చాలావరకు 23 అడుగుల దూరంలో కొలిచి రాస్తాయి. 50 అడుగులకి వెళ్తే అది సుమారు 7 డెసిబెల్స్ తగ్గుతుంది. పెద్ద ఓపెన్ ఫ్రేమ్ మిషన్లు 74 దరిదాపుల్లో ఉంటాయి, అంటే 50 అడుగుల దగ్గర కూడా 67. రేంజర్ వచ్చి ఆపమంటాడు. హోండా ఈయూ2200ఐ లాంటిది లోడ్‌ని బట్టి 48 నుంచి 57, కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. ఒక్క జాగ్రత్త: పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే డెసిబెల్ అంకె సాధారణంగా పావు లోడ్ మీద కొలిచింది. ఏసీ నడుస్తుంటే అంత నిశ్శబ్దంగా ఉండదు. అలాగే పెట్టె మీది పెద్ద వాట్స్ అంకె స్టార్టింగ్‌ది. మీరు చూడాల్సింది రన్నింగ్ వాట్స్. ఈయూ2200ఐలో 2,200 అని పేరులో ఉన్నా ఆగకుండా ఇచ్చేది 1,800.

ఎత్తు సంగతి చాలామందికి తట్టదు. ప్రతి 1,000 అడుగులకి ఇంజన్ శక్తి 3 నుంచి 3.5 శాతం తగ్గుతుంది. 7,500 అడుగుల దగ్గర పావు వంతు పోయినట్టే. 1,800 వాట్స్ ఇచ్చేది 1,350 ఇస్తుంది. పైగా కార్బొరేటర్ ఉన్న ఇంజన్‌లో పెట్రోలు ఎక్కువై గాలి తక్కువై నల్ల పొగ, స్పార్క్ ప్లగ్ మసి. 5,000 అడుగుల పైన ఎక్కువ కాలం వాడితే కార్బొరేటర్‌లో పెట్రోలు తగ్గించి పంపే హై ఆల్టిట్యూడ్ జెట్ పెట్టమని హోండా లాంటి కంపెనీలు చెప్తాయి. మూడు నాలుగు రోజుల కోసం అయితే అంత తంటా అక్కర్లేదు, తక్కువ లోడ్ మీద నడుపుకుంటే సరిపోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త మోడల్స్, హోండా ఈయూ3200ఐ లాంటివి, మిశ్రమాన్ని తామే సరిచేసుకుంటాయి. ఎత్తు వల్ల తగ్గే శక్తి వాటికీ తగ్గుతుంది, అది వేరే విషయం.

ఇప్పుడు కొనడం. మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, 2,000 నుంచి 2,500 వాట్ల చిన్న ఇన్వర్టర్ ఒకటి, దానితో సాఫ్ట్ స్టార్ట్. బరువు 40 నుంచి 50 పౌన్లు, ఒక చేత్తో దింపుకోవచ్చు. యెల్లోస్టోన్‌కి ఇది చాలు. టెక్సాస్ ఎండలో ఒక్క ఏసీ నడుస్తుంది, కానీ అంచు మీద ఉంటుంది. పక్కన ఇంకేదీ పెట్టకూడదు.

రెండు, అలాంటివే రెండు కొని ప్యారలల్ కేబుల్‌తో కలపడం. 1,800, 1,800 కలిపితే 3,600 వాట్స్, మీ 30 ఆంప్‌కి సరిగ్గా సరిపోయింది. చల్లని చోటుకి ఒకటే తీసుకెళ్తారు. ఒకటి మొరాయించినా రెండోది ఉంటుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. రెండూ ఒకే కంపెనీ, ఒకే సిరీస్ అయితే గొడవ ఉండదు.

మూడు, 3,000 పైన ఉండే మధ్య సైజు ఇన్వర్టర్ ఒకటి. ఎలక్ట్రిక్ స్టార్ట్, చక్రాలు, 30 ఆంప్ ఆర్‌వీ సాకెట్ అన్నీ వస్తాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. చాంపియన్, వెస్టింగ్‌హౌస్, ప్రెడేటర్ ఈ తరగతిలో ఎక్కువ అమ్ముడవుతాయి. కానీ ఇవి చాలావరకు 90, 100 పౌన్లు. చక్రాలు ఉన్నాయి కదా అంటారు. చక్రాలు నేల మీద పనికొస్తాయి, ట్రక్కు బెడ్ మీదకి ఎక్కించడానికి కాదు. మీరు ఒక్కరే ఎత్తాలి, నాన్నగారిని చెయ్యి వేయమనలేరు.

మీరు పికప్ ట్రక్కుతో లాగుతున్నట్టయితే నా సలహా మొదటిది, తర్వాత అవసరమైతే రెండోదానికి వెళ్ళండి. ఇప్పుడే ప్యారలల్ సౌకర్యం ఉన్న మోడల్ తీసుకోండి. ఒక సీజన్ వాడాక రెండో మిషన్ కావాలో లేదో మీకే తెలుస్తుంది. చాలామందికి ఆ రెండోదాని అవసరం రాలేదు.

మీది ఎస్‌యూవీ అయితే మాత్రం నా జవాబు మారుతుంది. ఎందుకంటే పెట్రోలు ఎక్కడ పెడతారు? పిల్లలు, పెద్దవాళ్ళు కూర్చున్న బండిలో పెట్రోలు క్యాను గానీ, ట్యాంకులో పెట్రోలు ఉన్న జనరేటర్ గానీ పెట్టకూడదు. మూత ఎంత బిగించినా ఆవిరి వస్తుంది. ట్రైలర్ లోపల పెట్టినా అంతే, పైగా అక్కడ ఫ్రిజ్ మంట, హీటర్ మంట ఉంటాయి. వెనక బంపర్ మీద బిగిద్దామంటే, చాలా ట్రైలర్లకి ఉండే ఆ నాలుగు అంగుళాల పలచని బంపర్ మురుగు గొట్టం దాచుకోవడానికి తప్ప బరువు మోయడానికి కాదు. అలాంటప్పుడు ప్రొపేన్ మీద కూడా నడిచే డ్యూయల్ ఫ్యూయల్ చిన్నది కొని, ప్రొపేన్ మీదే నడపండి. పెట్రోలు చుక్క కూడా పోయకండి. ట్రైలర్ ముందు ఎలాగూ రెండు సిలిండర్లు ఉంటాయి. పెట్రోలు పోయని జనరేటర్‌ని బండిలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, వాసన ఉండదు, కార్బొరేటర్ పాచిపట్టదు. చాంపియన్ 2,500 వాట్ల డ్యూయల్ ఫ్యూయల్ 40 పౌన్ల లోపే ఉంటుంది.

నష్టం ఏమిటంటే ప్రొపేన్ మీద శక్తి ఇంకో 10 శాతం తగ్గుతుంది. ఎత్తు వల్ల పోయేది, ఇది కలిపితే యెల్లోస్టోన్‌లో మీకు మిగిలేది బ్యాటరీ చార్జింగ్‌కి, చిన్నాచితకా వాటికి సరిపడా మాత్రమే. ఆ ఊళ్ళో మీకు కావలసింది కూడా అదే కదా. 20 పౌన్ల సిలిండర్ ఏసీ లోడ్ మీద పది పన్నెండు గంటలు రావొచ్చు, చిన్న లోడ్ మీద రెండింతలకి పైనే వస్తుంది. హీటర్ కూడా అదే గ్యాస్ వాడుతుందని గుర్తుంచుకోండి, ఒక సిలిండర్ హీటర్‌కి వదిలేయండి. జనరేటర్‌తో వచ్చే గొట్టానికి రెగ్యులేటర్ ఉంటుంది, అది నేరుగా సిలిండర్‌కి బిగించేది. ట్రైలర్ పక్కన గ్రిల్ కోసం ఇచ్చే క్విక్ కనెక్ట్‌కి దాన్ని తగిలించకండి. అక్కడ ప్రెషర్ అప్పటికే తగ్గించి ఉంటుంది, రెండోసారి తగ్గిస్తే ఇంజన్‌కి గ్యాస్ చాలదు.

నాన్నగారి సీప్యాప్ గురించి విడిగా చెప్తాను, దీన్ని జనరేటర్ లెక్కలో వేయకండి. అది నడవాల్సింది రాత్రి, జనరేటర్ ఆపాల్సింది కూడా రాత్రే. హ్యుమిడిఫయర్, వేడి గొట్టం ఆపేస్తే సీప్యాప్‌కి మామూలుగా 30 వాట్స్ చాలు, ఎనిమిది గంటలకి 240 వాట్ అవర్స్. దాన్ని ట్రైలర్ బ్యాటరీ మీద పెడదామంటే చూడండి: మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి 80 ఆంప్ అవర్స్ అనుకుంటే, పాడవకుండా వాడుకోగలిగింది సగం, 40. చలిరాత్రి హీటర్ ఫ్యాన్ 7, 8 ఆంప్స్ లాగుతుంది, సగం సేపు తిరిగినా 30 అయిపోయింది. సీప్యాప్‌కి ఇంకో 20. తెల్లవారుజామున హీటర్ కూడా ఆగిపోతుంది, సీప్యాప్ కూడా. అందుకని సీప్యాప్‌కి 500 వాట్ అవర్స్ ఉన్న చిన్న పవర్ స్టేషన్ విడిగా కొనండి. జాకరీ, ఎకోఫ్లో, బ్లూయెట్టీ ఏదైనా పర్లేదు. ఆ మిషన్‌కి తగిన డీసీ అడాప్టర్ దొరికితే ఇంకా మంచిది, కరెంటు అటూ ఇటూ మార్చడంలో పోయేది మిగులుతుంది. హ్యుమిడిఫయర్ లేకుండా పడుకోవచ్చో లేదో డాక్టర్‌ని అడగండి. గాలి పొడిగా ఉండే ఊరు అది. ఇంటి దగ్గర ఒక రాత్రి బ్యాటరీ మీద పడుకోబెట్టి చూస్తే ఆ టెన్షన్ తీరిపోతుంది. ఉదయం 8 దాటాక జనరేటర్ వేసి ట్రైలర్ బ్యాటరీ, పవర్ స్టేషన్ రెండూ చార్జ్ చేసుకోండి. జనరేటర్ మీద ఉండే 12 వోల్ట్స్ సాకెట్‌తో బ్యాటరీ చార్జ్ చేద్దామని చూడకండి, అది చాలా మెల్లగా ఎక్కిస్తుంది. ట్రైలర్ మెయిన్ తీగనే జనరేటర్‌కి పెట్టండి, కన్వర్టర్ ఆ పని చేస్తుంది.

ఆ తీగ పెట్టేటప్పుడు మీకు ఒక చిక్కు ఎదురవ్వొచ్చు. మీ దగ్గర మంచి సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటులో తేడా వస్తే ట్రైలర్‌ని కాపాడేది) ఉంటే, జనరేటర్‌కి పెట్టగానే "ఓపెన్ గ్రౌండ్" అని చూపించి కరెంటు లోపలికి రానివ్వకపోవచ్చు. జనరేటర్ పాడైందని స్టోర్‌కి పరిగెత్తకండి. చిన్న ఇన్వర్టర్ జనరేటర్లలో న్యూట్రల్‌ని గ్రౌండ్‌కి కలిపి ఉంచరు, ప్రొటెక్టర్ దాన్ని లోపం అనుకుంటుంది. న్యూట్రల్ గ్రౌండ్ బాండింగ్ ప్లగ్ అని దొరుకుతుంది, జనరేటర్ మీద ఖాళీగా ఉన్న ఇంకో సాకెట్‌లో పెడితే సరి. దాని మీద "జనరేటర్‌కి మాత్రమే" అని మార్కర్‌తో రాసి పెట్టండి, హుకప్‌లో గానీ ఇంట్లో గానీ పెట్టకూడదు. చిన్న మోడల్స్‌లో ఆర్‌వీ సాకెట్ లేకపోతే ట్రైలర్ తీగని మామూలు సాకెట్‌కి కలిపే డాగ్‌బోన్ అడాప్టర్ కావాలి. 30 ఆంప్ సాకెట్లలో ఆర్‌వీది ఒక రకం, తిప్పి లాక్ చేసేది ఇంకో రకం. కొనేముందు ఫొటోలో చూసుకోండి.

కార్బన్ మోనాక్సైడ్ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. రంగు, వాసన లేని విషం అది. నిద్రలో ఉన్నవాళ్ళకి తెలియనే తెలియదు. మధ్యాహ్నం అమ్మానాన్నలు కునుకు తీస్తుంటారు, కిటికీలు తెరిచి ఉంటాయి, మీరేమో జనరేటర్‌ని నీడ కోసం ట్రైలర్ పక్కనే పెడతారు. అలా చేయకండి. కనీసం 20 అడుగుల దూరం, పొగ గొట్టం మీ వైపూ పక్కవాళ్ళ వైపూ కాకుండా, గాలి మళ్ళితే జాగా మార్చాలి. స్లైడ్ (ట్రైలర్ గోడలోంచి బయటికి జరిగే భాగం) కింద గానీ, గుడారం లోపల గానీ, ట్రక్కు బెడ్‌లో మూత వేసి గానీ నడపకూడదు. 2018లో వచ్చిన ప్రమాణం తర్వాత చాలా కొత్త జనరేటర్లలో సీఓ సెన్సర్ ఉంటుంది, అది ఉన్నదే కొనండి. కానీ ఆ సెన్సర్ చూసేది జనరేటర్ చుట్టూ ఉన్న గాలిని, మీ పడకగదిని కాదు. ట్రైలర్ లోపలి సీఓ అలారం వెనక తేదీ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ ట్రైలర్లలో దాని గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కొత్తది కొనండి.

తడి నేల మీద, వానలో నడపకూడదు. అడవి శాఖ స్థలాల్లో దిగేవాళ్ళు పొగ గొట్టంలోంచి నిప్పురవ్వలు రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ ఉందో లేదో చూసుకోండి, మంచి ఇన్వర్టర్లలో ఉంటుంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే, ఆ రాష్ట్ర అనుమతి ముద్ర ఉన్న మోడలే తీసుకోవాలి. జనరేటర్‌ని ఎవరూ ఎత్తుకుపోకుండా ఒక గొలుసు, తాళం కూడా కొనండి.

ట్రిప్‌కి మాత్రమే కావాలి, తర్వాత ట్రైలర్ అమ్మేస్తామంటే జనరేటర్ కొనకండి, అద్దెకి తీసుకోండి. ఇక ట్రైలర్ కాకుండా అద్దె మోటార్‌హోమ్‌లో వెళ్ళేవాళ్ళకి ఈ గోలే లేదు. వాటిలో చాలావాటికి లోపలే 4,000 వాట్ల ఓనాన్ కంపెనీ జనరేటర్ ఉంటుంది, బండి ట్యాంకు నుంచే పెట్రోలు తీసుకుంటుంది, ట్యాంకు పావుకి దిగితే ఆగిపోతుంది. గంటకింత అని చార్జ్ చేస్తారు, అది అడిగి తెలుసుకోండి.

కొన్నాక, పెట్టె విప్పగానే స్టార్టర్ తాడు లాగి స్టార్ట్ చేయకండి. చాలావరకు ఇంజన్ ఆయిల్ లేకుండా వస్తాయి, ముందు ఆయిల్ పోయాలి. మొదటి 20 గంటలకి ఒకసారి ఆయిల్ మార్చాలి, తర్వాత సుమారు 100 గంటలకి. పెట్రోలు వాడేవాళ్ళు ట్రిప్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా నడిపి ఆపాలి. ఇక్కడి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుంది, నెలల తరబడి వదిలేస్తే కార్బొరేటర్‌లో జిగురు కట్టి వచ్చే ఏడాది స్టార్ట్ అవ్వదు. మరమ్మతుకి వచ్చే జనరేటర్లలో ఎక్కువ భాగం ఇలా మూలపడినవే.

జూన్‌లో బాగా ఎండ ఉన్న ఒక మధ్యాహ్నం ట్రైలర్‌ని డ్రైవ్‌వేలో పెట్టి పరీక్ష చేయండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఈమెయిల్ వచ్చేలోపు అయిపోతుంది లెండి. వాటర్ హీటర్ కరెంటు స్విచ్ ఆపండి, ఫ్రిజ్ గ్యాస్‌కి మార్చండి. జనరేటర్‌ని ఏ లోడూ లేకుండా రెండు మూడు నిమిషాలు నడిపి, లోడ్‌ని బట్టి ఇంజన్ వేగం తగ్గించే ఎకో మోడ్ తీసేసి, అప్పుడు తీగ పెట్టండి. ఏసీ ఆన్ చేసి గంటసేపు వదిలేయండి. తర్వాత ఏసీ ఆపి, ఐదు నిమిషాలాగి మళ్ళీ వేయండి, వేడెక్కిన కంప్రెసర్ మళ్ళీ మొదలవ్వడమే అసలు పరీక్ష. సర్జ్ ప్రొటెక్టర్ తెర మీద ఆంప్స్ చూడండి. 2,200 తరగతి జనరేటర్ ఆగకుండా ఇచ్చేది 15 ఆంప్స్. మీ అంకె 12 లోపు ఉంటే ఒక్క మిషన్‌తో నిశ్చింతగా ఉండొచ్చు. 13 దాటి 14కి పోతుంటే ముందు ఏసీ ఫిల్టర్, పైన ఉన్న కాయిల్ కడిగి మళ్ళీ చూడండి, పాత ట్రైలర్లలో దుమ్ము వల్లే ఒక ఆంప్ ఎక్కువ లాగుతుంది. అప్పటికీ తగ్గకపోతే టెక్సాస్ ఎండలో డ్రై క్యాంపింగ్ చేసే ఉద్దేశం ఉంటేనే రెండో జనరేటర్ కొనండి, యెల్లోస్టోన్ కోసమైతే వద్దు.